ఎముకకు అందే కబురు

మనిషి నవ్వగానే అతను ఏ ఊరి నీళ్ళు త్రాగి పెరిగినాడో చెప్పగల ప్రాంతాలు కొన్ని ఉన్నాయి. మా పశ్చిమ ప్రకాశం అటువంటిది. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం చుట్టుప్రక్కల అనేక గ్రామాలలో పిల్లల పళ్ళమీద మొదట సుద్దముక్కతో గీసినట్లు తెల్లని చారలు కనిపిస్తాయి. కొన్నాళ్ళకు అవి పసుపు తిరుగుతాయి. ఆ తరువాత గోధుమరంగుకు దిగుతాయి. వీటినే గారపళ్ళు అంటారు. వేపపుల్లతో తోమినా పోవు, పళ్ళపొడితో రుద్దినా పోవు. పన్నుకు పైన అంటిన మురికి అయితే కదా పోవడానికి! పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడిన లోపం అది.

అదే నీరు ఇరవై, ముప్ఫై ఏళ్ళు త్రాగినవారిలో కొందరి అవస్థ ఇంకా కష్టమైనది. మెడ తిరగదు. వెనుకనుంచి ఎవరైనా పిలిస్తే తల ఒక్కటీ తిప్పలేక మనిషి మొత్తంగా తిరగవలసి వస్తుంది. నడుము వంగితే నిటారు కాదు. చాపమీద కూర్చున్నవారు లేవాలంటే ఇద్దరు చేయి ఆసరా ఇవ్వాలి.

దీనికి కారణం నీటిలో ఉండే ఫ్లోరైడు అని ఈనాడు మా ప్రాంతంలో చదువురానివారికి సైతం తెలుసును. కాని ఆ తెలిసిన సంగతిలోనే ఒక చిక్కుప్రశ్న దాగి ఉన్నది. విషం తిన్న శరీరం కృశిస్తుంది కదా! ఈ జబ్బులో ఎముక కృశించదు సరికదా, పెరుగుతుంది. వెన్నుపూసలు లావెక్కి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఎముకలను పట్టి ఉంచే నరాలవంటి కట్లు తామే గట్టిపడి ఎముకలవుతాయి. ఉండవలసినచోట ఉండవలసినదానికన్న ఎక్కువ, ఉండకూడనిచోట క్రొత్తగా, ఎముక తయారవుతుంది. 

ఇంతకూ పెరగమని ఎముకకు ఎవరు చెప్పినారు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే గత డెబ్బై ఏళ్ళలో జీవశాస్త్రం సాధించిన ఒక గొప్ప విజయం మన ముందుకు వస్తుంది. ఒక జీవకణం మరొక జీవకణానికి కబురు ఎట్లా పంపుతుంది, ఆ కబురు విన్న కణం తానేమి కావాలో ఎట్లా నిర్ణయించుకొంటుంది అనేదే ఆ కథ.

ధాతువూ ప్రత్యయమూ

పెద్దమనిషి శరీరంలో సుమారు ముప్ఫై లక్షల కోట్ల జీవకణాలు ఉన్నాయని శాస్త్రజ్ఞుల అంచనా. అన్నీ తల్లి గర్భంలో ఏర్పడిన ఒకే ఒక కణంనుంచి వచ్చినవే. చిత్రమేమంటే, ఇంచుమించు ప్రతి కణంలోనూ వంశానుగతంగా వచ్చిన గ్రంథం ఒకటే. కంటిలోని కణానికీ, కాలి ఎముకలోని కణానికీ ఉన్న పుస్తకం ఒక్కటే అయినా ఒకటి వెలుగును చూస్తుంది, మరొకటి బరువును మోస్తుంది. కారణం, ఏ కణమూ పుస్తకం మొత్తం చదవదు. తనకు చెప్పిన అధ్యాయాలు మాత్రమే చదువుతుంది.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ‘చేయు’ అనే ధాతువు ఉన్నది. ఒక ప్రత్యయం చేరితే అది ‘చేసెను’ అవుతుంది. మరొకటి చేరితే ‘చేయించు’ అవుతుంది. ఇంకొకటి చేరితే ‘చేత’ అయి, క్రియ అనే గుణమే పోయి నామవాచకంగా నిలిచిపోతుంది. ధాతువు ఒకటే, చేరినదానిని బట్టి రూపమూ పనీ మారిపోయినాయి. మన ఆయుర్వేదులు సైతం రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడింటినీ ధాతువులనే అన్నారు. రెండుచోట్లా ఒకే మాట పడడం యాదృచ్ఛికమే కావచ్చును గాని, చక్కగా అమరింది.

మన ఎముకల మజ్జలో అటువంటి ధాతురూప కణాలు కొన్ని ఉన్నాయి. వాటిని మూలకణాలు అంటారు. ఒక రకం కబురు అందితే ఆ మూలకణం కొవ్వును దాచే కణం అవుతుంది. మరొక రకం కబురుకు మెత్తని ఎముకను, అనగా మృదులాస్థిని, తయారుచేసే కణం అవుతుంది. ఇంకొక రకం కబురుకు గట్టి ఎముకను కట్టే మేస్త్రీకణం అవుతుంది. ఈ విధంగా ఒక కణం ప్రత్యేకమైన వృత్తిని స్వీకరించడాన్ని కణవిభేదనం అంటారు. మామూలుగా ఆ వృత్తి తీసుకొన్నాక వెనుకకు పోవడం ఉండదు.

కబురు మోసుకొచ్చేది ఎవరు?

ఈ కబుర్లు ఎక్కడివి? 1950 ప్రాంతాలలో ఇటలీ దేశపు వైద్యశాస్త్రజ్ఞురాలు రీటా లెవీ-మోంటాల్చీని అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో కోడిగుడ్డు లోపలి పిండాలపై పరిశోధనలు చేస్తుండేది. ఎలుక కణితిముక్కను ఆ పిండానికి అంటించి చూస్తే, పిండంలోని నరాలు పిలిచినట్లుగా కణితివైపు గుబురుగా పెరిగినాయి. కణితి ఏదో పదార్థాన్ని బయటికి వదులుతున్నదని ఆమె గ్రహించింది. ఆ పదార్థాన్ని వేరుచేసే పనికి స్టాన్లీ కోహెన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు తోడయినాడు. అది ఒక మాంసకృత్తు అని తేలింది. నరాలను పెంచేది గనుక దానికి నాడీవృద్ధికారకం అని పేరు పెట్టినారు.

అక్కడితో కథ ఆగలేదు. ఎలుకల లాలాజలగ్రంథులనుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించి చూస్తే వింత జరిగినది. మామూలుగా పన్నెండు, పదునాలుగు రోజులకు తెరుచుకొనే కళ్ళు ఆరేడు రోజులకే తెరుచుకొన్నాయి. ముందుపళ్ళు సైతం గడువుకు ముందే మొలిచినాయి! కోహెన్ 1962లో ఆ క్రొత్త పదార్థాన్ని విడదీసినాడు. చర్మపు పైపొర కణాలను పెంచేది కాబట్టి దానిని చర్మవృద్ధికారకం అనవచ్చును. ఈ ఇద్దరికీ కలిపి 1986లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఆనాడు ఎలుకపిల్లల కళ్ళు తెరిపించిన పదార్థం ఈనాడు మన హైదరాబాదులోనే తయారవుతున్నది. మనిషి చర్మవృద్ధికారకాన్ని భారత్ బయోటెక్ సంస్థ ‘రీజెన్-డి’ అనే లేపనంగా చేసి, మధుమేహం ఉన్నవారి కాళ్ళకు పడే మానని పుండ్లకోసం మార్కెట్టులోకి తెచ్చినది. పుండు అంచున ఉన్న కణాలకు ‘పెరిగి, ప్రక్కకు జరిగి, గాయాన్ని పూడ్చండి’ అనే కబురును ఆ లేపనం అందిస్తుంది.

తూమూ నీరుగంటీ

కబురు వచ్చినంతమాత్రాన చాలదు. కణం చుట్టూ నూనెవంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. వృద్ధికారకం ఆ పొరను దాటి లోపలికి పోలేదు. మరి లోపలి గ్రంథానికి సంగతి తెలిసేది ఎట్లా?

ఇక్కడ మా కంభం చెరువును తలచుకొంటే విషయం సులభమవుతుంది. వరదరాజమ్మ కట్టించినదని పేరుపొందిన ఈ చెరువు ఆసియాఖండంలోని పురాతన చెరువులలో ఒకటి. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట ఎత్తు 57 అడుగులనీ, 430 చదరపు మైళ్ళ వాననీరు దీనికి చేరుతుందనీ, పదివేల ఎకరాలకు పైగా పారుతుందనీ ఆంగ్లేయుల కాలపు గెజెటీరు వ్రాసింది. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చినది.

చెరువు ఎంత పెద్దదైనా మడికి నీరు చేరవలసినది తూముగుండానే. కట్టకు ఇటువైపు ఒకరు తూము తలుపు ఎత్తితే అటువైపు పెద్దకాలువ పారుతుంది. పెద్దకాలువనుంచి పిల్లకాలువకు, పిల్లకాలువనుంచి బోదెకు, బోదెనుంచి మడికి నీరు పోతుంది. ప్రతి మలుపులోనూ ఒక గండి కొట్టాలి, పని కాగానే ఒక గండి పూడ్చాలి. చెరువునీరు పంచే నీరుగంటి నేర్పంతా తెరవడంలోనే కాదు, వేళకు మూయడంలోనూ ఉన్నది.

జీవకణపు పొరలో అటువంటి తూములే ఉన్నాయి. వాటిని గ్రాహకాలు అంటారు. గ్రాహకం సగం పొర బయట, సగం పొర లోపల ఉంటుంది. వృద్ధికారకం వచ్చి బయటి భాగాన్ని పట్టుకోగానే రెండు గ్రాహకాలు జతకూడుతాయి. లోపలి భాగాలు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేటు అనే చిన్న రసాయనపు ముక్కను అతికించుకొంటాయి. ఈ ఫాస్ఫేటు ముక్కయే తూము ఎత్తినట్లు గుర్తు. దానిని చూచి ‘రాస్’ అనే మాంసకృత్తు మేలుకొంటుంది. రాస్ వెళ్ళి ‘రాఫ్’ను లేపుతుంది, రాఫ్ ‘మెక్’ను, మెక్ ‘ఎర్క్’ను లేపుతాయి. చివరి ఎర్క్ కణకేంద్రంలోకి ప్రవేశించి గ్రంథంలో ఏ అధ్యాయం తెరవాలో చెబుతుంది. వృద్ధికారకం లోపలికి రాలేదు, కబురు మాత్రం గర్భగుడిదాకా చేరినది.

ఇక మూసేవారి సంగతి. ఫాస్ఫేటు ముక్కను అతికించేవారు ఉన్నట్లే, దానిని ఊడదీసేవారూ కణంలో ఉన్నారు. వారిని ఫాస్ఫటేజులు అంటారు. వీరు గండ్లు పూడ్చే నీరుగంట్లు. పాఠకులు ఈ పేరును గుర్తుంచుకోవాలి. మన గారపళ్ళ కథకు వీరితో మళ్ళీ పని పడుతుంది.

ఎంతసేపు పారింది?

ఒకే కాలువ కణాన్ని ఒకసారి సంతానం కనమనీ, మరొకసారి వృత్తిలో స్థిరపడమనీ ఎట్లా చెప్పగలదు? దీనికి జవాబు ఎలుక అడ్రినల్ గ్రంథి కణితినుంచి 1976లో తయారయిన ఒక కణజాతి ఇచ్చింది. దానికి చర్మవృద్ధికారకాన్ని తగిలిస్తే కణాలు రెట్టింపవుతూ పోతాయి. నాడీవృద్ధికారకాన్ని తగిలిస్తే రెట్టింపవడం మాని, తీగలు సాచి, నరాల కణాలవలె మారిపోతాయి. లోపల పారిన కాలువ చూస్తే రెండింటిలోనూ అదే: రాస్, రాఫ్, మెక్, ఎర్క్!

తేడా అల్లా పారినంతసేపులో ఉన్నది. మొదటిదానిలో ఎర్క్ కాసేపు ఎగసి గంటలోపలే చల్లారింది. రెండవదానిలో గంటల తరబడి నిలిచింది. తూము పది నిముషాలు ఎత్తి దించితే కాలువ అడుగు తడుస్తుంది. పగలంతా ఎత్తి ఉంచితే చివరి మడి తడిసి నాటుకు వస్తుంది. నీరు అదే, కాలువ అదే. ఎంతసేపు అన్నది పంటను నిర్ణయించింది.

తూము మూయబడకపోతే? దానికీ సాక్ష్యం ఉన్నది. ఆ సాక్ష్యం తెచ్చినవారిలో ఒకరు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది అమెరికా వెళ్ళిన డాక్టరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, ఆయన సహచరులు 1982లో మనిషి మూత్రాశయపు కాన్సరు కణాలలోని రాస్ జన్యువును అక్షరం అక్షరంగా చదివినారు. ఆరోగ్యవంతుని జన్యువుకూ, కాన్సరు జన్యువుకూ పనిని మార్చివేసిన భేదం ఒకే ఒక అక్షరం! అదే సంవత్సరం మరి రెండు బృందాలు విడిగా అదే సంగతి కనిపెట్టినాయి. ఆ ఒక్క అక్షరంతో రాస్ తనను తాను ఆపుకొనే శక్తిని కోల్పోయినది. తలుపు విరిగిన తూమువలె కబురు రాకపోయినా పారుతూనే ఉన్నది. ఒక్క అక్షరంతో ‘కల’ ‘కళ’ కావడం మనకు తెలిసినదే. ఇక్కడ ఒక్క అక్షరంతో కాపురం కాన్సరు అయినది.

అయితే తూము ఎల్లప్పుడూ తెరిచి ఉంటే ఎల్లచోట్లా పెరుగుదలే వస్తుందనుకోరాదు. కాలుసేతులు పొట్టిగా పుట్టేవారిలో అత్యధికులకు కారణం ఒక గ్రాహకంలో ఒక్క అక్షరం మారడమేనని 1994లో తేలింది. ఇది మృదులాస్థి కణాలపై ఉండే గ్రాహకం. ఇక్కడ దీని కబురు ‘పెరుగు’ కాదు, ‘ఆగు’. తూము విడువక పారినందువల్ల ఎముకల చివర పెరగవలసిన మృదులాస్థి గడువుకు ముందే నెమ్మదిస్తుంది. ఈ కాలువకు దిగువన అడ్డుకట్ట వేసి, పిల్లలు ఎదిగేటట్లు చేసే మందు 2021లో అమెరికా, యూరపులలో అనుమతి పొందినది. కనుక కబురు అర్థం చెప్పేవానిలోనే కాక, వినేవానిలోనూ ఉన్నది.

ఎముక తనకు తాను పంపుకొనే కబురు

ఎముక రాయి కాదు. పెద్దవారిలో ఏటా సుమారు పదోవంతు ఎముకను శరీరం పడగొట్టి క్రొత్తది కట్టుకొంటుంది. పడగొట్టే కణాలు వేరు, కట్టే కణాలు వేరు. 1965లో మార్షల్ ఉరిస్ట్ అనే అమెరికా వైద్యుడు, సున్నం తీసివేసిన ఎముకముక్కను జంతువుల కండలో పాతిపెట్టినాడు. కొన్నాళ్ళకు కండ మధ్యలో క్రొత్త ఎముక మొలిచింది! ఎముక తనలోనే కబుర్లను దాచుకొంటుందని దానితో ఋజువయినది. పాత ఎముక కరిగినప్పుడు అందులో దాగిన వృద్ధికారకాలు బయటపడి, చుట్టుప్రక్కల మూలకణాలకు ‘మేస్త్రీలు కావలెను, రండి’ అని చాటింపు వేస్తాయి. ఆ కబుర్లు అందినప్పుడు కణకేంద్రంలో ‘రంక్స్-2’ అనే అధికారి పనిలో దిగుతాడు. 1997లో ఆ అధికారి లేకుండా పుట్టించిన ఎలుకలకు మృదులాస్థి ఉన్నది కాని, గట్టి ఎముక ఒక్కటీ ఏర్పడలేదు.

కట్టేవారూ పడగొట్టేవారూ సమంగా ఉన్నంతకాలం ఎముక ఆరోగ్యంగా ఉంటుంది. ఇప్పుడు ఈ పనిలోకి బోరునీటితో ఫ్లోరైడు దిగుతుంది.

మూసేవాడి చేయి పట్టుకొంటే

పళ్ళమీది మచ్చల సంగతి ప్రపంచం తెలుసుకొన్నది అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో. అక్కడి దంతవైద్యుడు మెకే 1901నుంచి కారణం వెదికితే, 1931లో అది నీటిలోని ఫ్లోరైడు అని తేలింది. ఎముకల జబ్బును మన దేశపు మనుష్యులలో మొదట వర్ణించిన ఘనత 1937లో షార్టు, ఆయన సహచరులది. వారు చూచినది ఆనాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలను. నేటి దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆనాడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు వచ్చినాయి. అదివరకు కర్నూలు జిల్లాలో ఉన్న మా కంభం, మార్కాపురం, గిద్దలూరు కూడ వాటితో కలిసినాయి. అనగా వైద్యగ్రంథాలలోకి ఈ జబ్బు మన తెలుగునేల మీదనుంచే ఎక్కినది. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాను గూర్చి వ్రాసినాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడు ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని వర్ణించినారు.

ఎముక ఎందుకు పెరుగుతున్నదో చెప్పే ఆధారం 1983లో దొరికినది. కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఫార్లీ, వెర్గెడాల్, బేలింక్ అనే శాస్త్రజ్ఞులు కోడిపిండపు ఎముకకణాలకు కొద్దిపాటి ఫ్లోరైడు తగిలించినారు. ఆ కణాలు చావలేదు. రెట్టింపయినాయి, ఎముక కట్టే పనిని ఎక్కువచేసినాయి. వృద్ధికారకాల కబురు అందుతున్నప్పుడే ఫ్లోరైడు ప్రభావం బాగా కనిపిస్తుందని తరువాతి పరిశోధనలలో తేలింది. ఫ్లోరైడు తానుగా కబురు కాదు. వచ్చిన కబురును పెద్దది చేసేది!

ఎట్లా చేస్తుందన్నదానిలో రెండు వాదాలు ఉన్నాయి. ఇందాక గుర్తుంచుకొమ్మన్న ఫాస్ఫటేజులలో ఎముకకణానికి ప్రత్యేకమైన ఒకదానిని ఫ్లోరైడు పట్టి ఆపుతుందని లోమా లిండావారు అంటారు. తూము ఎత్తేవాడు కాదు ఫ్లోరైడు, మూయబోయేవాని చేయి పట్టుకొనేవాడు. కబురు వచ్చి కాసేపటిలో చల్లారవలసిన ఎర్క్ చాలాసేపు రగులుతూ ఉంటుంది. ఎంతసేపు పారిందన్నదే పంటను నిర్ణయిస్తుందని చూచినాము కదా! రెండవ వాదం జెనీవా శాస్త్రజ్ఞులది. ఫ్లోరైడు కొద్దిపాటి అల్యూమినియంతో కలిసి ఫాస్ఫేటు వేషం వేసుకొని, పొర లోపలనున్న మరొక రకం తాళాన్ని తెరుస్తుందని వారు చెబుతారు. త్రోవ ఏదైనా ఫలితం ఒకటే. ఎవరూ పంపని కబురు అందినట్లు ఎముక కట్టడం సాగుతుంది.

మరి ఎముక ఎక్కువయితే నష్టమేమి, బలమే కదా అని కొందరికి తోచవచ్చును. వైద్యులకు సైతం ఒకప్పుడు అట్లాగే తోచినది. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడు ఇచ్చి చూచినారు. అమెరికాలో రిగ్స్ బృందం 202 మంది స్త్రీలపై నాలుగేళ్ళు జరిపిన ఆ పరీక్ష ఫలితాలు 1990లో వెలువడినాయి. మందు పుచ్చుకొన్నవారిలో నడుము ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. కాని వెన్ను కాక ఇతర ఎముకలు విరిగిన సంఘటనలు మందు లేనివారిలో 24 అయితే, మందు పుచ్చుకొన్నవారిలో 72! ఎముక పెరిగినది కాని, పనికిరాని ఎముక పెరిగినది. తొందరపెట్టి కట్టించిన గోడ ఎత్తుగా లేవవచ్చును, నిలవడం వేరు. పైగా ఫ్లోరైడు ఎముకలోని ఖనిజంలో తానే ఇటుకగా దూరి కూర్చుంటుంది. శరీరంలో నిలిచే ఫ్లోరైడులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎముకలలోనూ పళ్ళలోనూ ఉంటుంది.

పంటికి రెండవసారి లేదు

ఎముకకు కనీసం ఏటేటా మరమ్మతు ఉన్నది. పంటిమీది మెరుగుపొరకు అదీ లేదు. ఆ పొరను కట్టే కణాలు చిగురులోపల ఒకసారి వృత్తి స్వీకరించి, పొరను అల్లి, అందులో ఖనిజాన్ని నింపి, పన్ను పైకి వచ్చేసరికి తాము అంతరించిపోతాయి. ఆ ఖనిజం నింపే వేళలో ఫ్లోరైడు ఎక్కువయితే పొర గుల్లగా మిగిలిపోతుంది. గుల్లలో రంగు ఇంకుతుంది. అదే గార. మరమ్మతు చేయడానికి మేస్త్రీలే మిగలరు.

శాశ్వతమయిన పళ్ళ మెరుగుపొర సుమారు ఎనిమిదో ఏటిదాకా తయారవుతూ ఉంటుంది. ముందుపళ్ళకు మొదటి మూడేళ్ళు ముఖ్యం. పెద్దవారు మింగిన ఫ్లోరైడులో సుమారు సగం శరీరంలో నిలిస్తే, ఎదిగే పిల్లలలో అంతకంటె ఎక్కువ నిలుస్తుంది. కనుక ‘పిల్లవాడు పెద్దయ్యాక మంచినీళ్ళు చూసుకోవచ్చు’ అనే మాట ఈ జబ్బు విషయంలో చెల్లదు. ఇంట్లో ఉన్నది ఒక్క బిందె మంచినీరే అయితే, అది అన్నిటికన్న ముందు చంటిపిల్ల గ్లాసులోకి పోవాలి.

మనం చేయగలిగినది

పెరిగిన ఎముకను పూర్తిగా వెనుకకు తిప్పే మందు ఇంకా రాలేదు. ఇన్ని గ్రాహకాల పేర్లు తెలిసినా వైద్యుడు చెప్పేది నీరు మార్చమనే. నీరు మారిస్తే కొత్త కబుర్లు ఆగుతాయి, ఏళ్ళమీద కొంత ఉపశమనం కలుగుతుంది. కాబట్టి కొన్ని సంగతులు ప్రతి ఇంటా తెలిసి ఉండాలి.

మొదటిది, ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీరు తేటగా ఉన్నంతమాత్రాన మంచిది కాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపల ఉండడం మేలు, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాటరాదు అని మన దేశపు ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చును. ఒకే ఊరిలో ఒక బోరు మంచిది కావచ్చును, పది బారల దూరంలోని మరొకటి చెడ్డది కావచ్చును.

రెండవది, కాచినంతమాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరి అయిపోగా మిగిలినదానిలో అది ఇంకా చిక్కబడుతుంది. కలరాకు, విరేచనాలకు కాచడం మందే. దీనికి కాదు.

మూడవది, దానిని తీసే పద్ధతులు ఉన్నాయి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే విధానానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు దానిని రూపొందించినారు. పాళ్ళు తెలిసినవారి పర్యవేక్షణలో చేయవలసిన పని అది. ఈనాడు ఊరూరా వెలసిన ఆర్వో ప్లాంట్లు సైతం, యంత్రం సరిగా ఉన్నంతకాలం, ఫ్లోరైడును తగ్గిస్తాయి.

నాలుగవది ఆహారం. సున్నపు పదార్థం చాలని శరీరంలో ఫ్లోరైడు మరింత కీడు చేస్తుంది. పాలు, మజ్జిగ, రాగిసంకటి, ఆకుకూరలు పిల్లలకు పెట్టాలి. ఇవి మందు కావు, కవచాలు.

అన్నిటికన్న ముఖ్యమైనది చెరువునీరు. ఫ్లోరైడు వచ్చేది లోతున ఉన్న రాతినుంచి. గ్రానైటువంటి రాళ్ళలోని ఖనిజాలు ఏళ్ళ తరబడి నీటిలో నానితే ఫ్లోరైడు ఊరుతుంది. వాననీటిలో, ఏటినీటిలో అది సాధారణంగా తక్కువ. వాన నిలవనిచోట మనిషి బోరు దించుతాడు, బోరు దిగినకొద్దీ పాతనీరు పైకి వస్తుంది. కరువూ గారపళ్ళూ కలిసి రావడం అందువల్లనే. శ్రీశైలం జలాశయంనుంచి కృష్ణనీటిని నల్లమలకొండల క్రిందుగా తేవడానికి పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న రెండు సొరంగాలకు 2024 మార్చిలో ప్రారంభోత్సవం చేసినారు. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షలమందికి పైగా త్రాగునీరు దాని లక్ష్యం. శంకుస్థాపననాడు పుట్టిన పిల్లవానికి సొరంగం తెరిచేనాటికి ఇరవై ఏడేళ్ళు దాటినాయి. అతని పళ్ళ పొర కట్టిన మేస్త్రీలు అతని ఎనిమిదో ఏటనే సెలవు పుచ్చుకొన్నారు.

ఐదువందల ఏళ్ళ క్రితం గుండ్లకమ్మకు కట్ట వేయించిన వరదరాజమ్మకు గ్రాహకమంటే తెలియదు, ఫ్లోరైడు పేరు వినలేదు. కాని నీటిని పైన నిలిపి, తూముతో కొలిచి, వేళకు తెరిచి వేళకు మూయడం అనే విద్యను ఈ నేలమీద స్థాపించి పోయినది. శరీరంలోని ప్రతి కణమూ బ్రతుకుతున్నది అదే విద్యతో. బయటి తూములను మనం సరిగా చూసుకొంటే లోపలి తూములు తమ పని తాము చూసుకొంటాయి.